ద్వారం ఒకటి, పాత్రలు అనేకం

ఆకారాన్ని చూచి ప్రయోజనాన్ని గుర్తించడం మానవునికి సహజం. 1996లో వెలువడిన యూఎస్‌బీ ప్రమాణంలో కనెక్టరు ఆకారమే దాని పాత్రను తెలిపేది. కంప్యూటరు వైపు బల్లపరుపుగా ఉండే టైప్‌-ఏ, ప్రింటరు వైపు చతురస్రాన్ని పోలిన టైప్‌-బీ ఉండేవి. ఆజ్ఞ కంప్యూటరుది, ఆచరణ ప్రింటరుది. తీగలోని విద్యుత్తు కూడా కంప్యూటరు వైపు నుండే వచ్చేది.

2014లో వచ్చిన టైప్‌-సీ ఈ భేదాన్ని చెరిపివేసింది. ఇందులో 24 పిన్నులు ఉంటాయి. తీగకు రెండు కొనలూ ఒకే తీరుగా ఉంటాయి. తలక్రిందులుగా గుచ్చినా పనిచేస్తాయి. మరి సెల్‌ఫోనును ల్యాప్‌టాప్‌కు కలిపినప్పుడు విద్యుత్తు ఎటు నుండి ఎటు ప్రవహించాలి? తీగను చూచి చెప్పలేము. ఆ రెండు పరికరాలూ తమలో తాము సంప్రదించుకొని నిర్ణయించుకొంటాయి. ఆ నిర్ణయాన్ని మనకు తెలిపే భారం, అవసరమైతే దానిని మార్చుకొనే వీలు కల్పించే భారం ఆపరేటింగ్ సిస్టమ్‌పై పడింది.

1991లో లైనస్ టోర్వాల్డ్స్ ప్రారంభించిన లినక్స్‌లో ఈ ఏర్పాటు 2017 నాటి 4.12 సంచికతో చేరింది. ప్రతి టైప్‌-సీ పోర్టుకూ ఒక డైరెక్టరీ, అందులో కొన్ని చిన్న ఫైళ్లు ఉంటాయి. ‘డేటా రోల్’ అనే ఫైలును చదివితే పోర్టు ఆజ్ఞాపించే ‘హోస్ట్’గా ఉన్నదో, ఆజ్ఞను పాటించే ‘డివైస్’గా ఉన్నదో తెలుస్తుంది. రెండింటికీ వీలున్న పోర్టులో రెండు మాటలూ కనిపిస్తాయి. ప్రస్తుత పాత్ర చదరపు కుండలీకరణాలలో ఉంటుంది. రెండవ మాటను ఆ ఫైలులో వ్రాస్తే పాత్ర మార్పిడికి విన్నపం వెళుతుంది. అవతలి పరికరం నిరాకరించవచ్చు కూడా.

విద్యుత్తుకు ‘పవర్ రోల్’ అని వేరొక ఫైలు ఉన్నది. ఈ విభజనలోనే రూపకల్పనలోని వివేకం కనిపిస్తుంది. ల్యాప్‌టాప్‌ను మానిటరుకు కలిపినామనుకొందాము. సమాచార విషయంలో ల్యాప్‌టాప్‌దే అధికారం. కాని మానిటరే దానికి విద్యుత్తును సరఫరా చేస్తూ ఉండవచ్చు. ఇచ్చేవాడే ఏలేవాడు అన్న పాత భావనతో రెండు పాత్రలనూ ఒకే పేరు క్రింద చేర్చి ఉంటే, ఈ స్థితిని చెప్పడానికి మాటే మిగిలేది కాదు.

తరువాత సవరించుకొనవచ్చు గదా అని విద్యార్థులకు తోచవచ్చు. ఇక్కడే చిక్కున్నది. ఆ ఫైళ్లను చదివే ప్రోగ్రాములను వ్రాసేవారు ఎక్కడెక్కడో ఉంటారు. లినక్స్ నిర్మాతలకు వారి పేర్లు కూడా తెలియవు. ఒక్క పేరు మారినా వారి ప్రోగ్రాములు పనిచేయవు. నిన్నటి వరకు చార్జింగు దిశను చూపిన తెర నేడు మూగబోతుంది. నష్టపోయేది ఏ పాపమూ ఎరుగని వినియోగదారుడు. అందువలననే లినక్స్ లోపలి భాగాలను స్వేచ్ఛగా మార్చుకొంటారు గాని, బయటి ప్రోగ్రాములకు ఇచ్చిన మాటను తప్పరాదన్నది వారి నియమం. ఛందస్సు చదివినవారికి ఇది కొత్త కాదు. ఉత్పలమాలలో పదవ అక్షరం యతిస్థానమని స్థిరపడిన తరువాత, కవి ఏ కథను చెప్పినా ఆ స్థానం కదలదు.

ఇచ్చిన మాట ఎంత గట్టిదో తెలపడానికి లినక్స్ పత్రాలలో నాలుగు విభాగాలున్నవి: స్థిరమైనవి, పరీక్షలో ఉన్నవి, కాలం చెల్లినవి, తొలగించినవి. టైప్‌-సీ వివరణను పరీక్షా విభాగంలో ఉంచినారు. ఆ విభాగంలో కొత్త అంశాలను చేర్చవచ్చు. తీవ్రమైన దోషమో, భద్రతకు ముప్పో ఉంటే తప్ప ఉన్నవాటిని భంగపరచరాదు.

ఏమి చెప్పాలన్నదానితో పాటు ఏమి దాచాలన్నది కూడా రూపకర్త తేల్చుకొనవలసి ఉంటుంది. కొన్ని కంప్యూటర్లలో పోర్టును ఫర్మ్‌వేర్ నడుపుతుంది; మరికొన్నింటిలో ప్రత్యేకమైన చిప్‌ను లినక్స్ కెర్నెలే నడుపుతుంది. ఈ తేడా ‘డేటా రోల్’ ఫైలులో కనిపించదు. రేపు మరొక చిప్ వచ్చినా, దానికి తగిన డ్రైవరును వ్రాసేవారు ఆ పాత మాటలలోనే దాని స్థితిని తెలపవలసి ఉంటుంది.