కంప్యూటర్‌లో లైనక్స్ ఉంటే హ్యాకర్ల భయం లేనట్టేనా?

అండమాన్ నికోబార్ దీవుల్లో 2020 ఆగస్టు వరకూ ఇంటర్నెట్ ప్రధానంగా ఉపగ్రహాల మీదే నడిచేది. ఆ నెల 10న చెన్నై నుంచి సముద్రం అడుగున వేసిన సుమారు 2,300 కిలోమీటర్ల కేబుల్ ప్రారంభమైంది. పోర్ట్ బ్లెయిర్‌కు (ఇప్పుడు శ్రీ విజయపురం), మరో ఏడు చోట్లకు వేగవంతమైన నెట్ అందింది.

వేగం పెరిగితే అప్‌డేట్లు త్వరగా వస్తాయి. అయితే, ఎప్పుడూ నెట్‌లో ఉండే కంప్యూటర్‌పై దాడికి అవకాశమూ పెరుగుతుంది. త్రివిధ దళాల ఉమ్మడి కమాండ్ ఉన్న దీవులివి. 2011 జనాభా లెక్కల ప్రకారం ఇక్కడ ప్రతి వంద మందిలో 13 మంది మాతృభాష తెలుగు. అంటే ఇది ప్రభుత్వ కార్యాలయాల సమస్యే కాదు, తెలుగువారి ఇళ్లదీ, దుకాణాలదీ కూడా.

'లైనక్స్ వేసుకుంటే వైరస్‌లు రావు' అనే మాట తరచూ వినిపిస్తుంది. అందులో నిజమెంత?

బలం ఎక్కడుంది?

లైనక్స్‌లో రోజువారీ పనులకు వాడే ఖాతాకు సిస్టమ్ మొత్తాన్నీ మార్చే అధికారం ఉండదు. అలాంటి మార్పులకు పాస్‌వర్డ్ అడుగుతుంది. సాఫ్ట్‌వేర్ చాలావరకూ డిజిటల్ సంతకంతో ధ్రువీకరించిన అధికారిక భాండాగారాల నుంచే వస్తుంది. డెస్క్‌టాప్‌లపై లైనక్స్ వాడేవారు తక్కువ కాబట్టి సాధారణ మోసగాళ్ల గురి ఎక్కువగా విండోస్ మీదే ఉంటుంది.

మరి దాడి ఎలా జరుగుతుంది?

సీ-డాక్ రూపొందించిన 'బాస్' లైనక్స్‌ను ప్రభుత్వ కార్యాలయాల్లో వాడుతున్నారు. ఆ కంప్యూటర్లపై పాకిస్తాన్‌తో సంబంధాలున్నట్లు చెబుతున్న ఏపీటీ36 ముఠా గురిపెట్టిందని 2025 ఆగస్టులో సైబర్ భద్రతా సంస్థలు వెల్లడించాయి. ఈమెయిల్‌లో వచ్చిన జిప్ ఫైల్‌లో సమావేశం పీడీఎఫ్‌లా కనిపించే ఒక షార్ట్‌కట్ ఉంటుంది. దాన్ని తెరిస్తే పీడీఎఫ్ కనిపిస్తుంది, వెనుక మాల్వేర్ దిగిపోతుంది.

ఇక్కడ అడ్మిన్ పాస్‌వర్డ్‌తో పనే లేదు. మీ ఫొటోలు, పత్రాలు, బ్రౌజర్‌లో దాచిన పాస్‌వర్డ్‌లు మీ ఖాతాలోనే ఉంటాయి. ఆ ఖాతాతో నడిచే ప్రోగ్రామ్ వాటిని చదవగలదు.

లైనక్స్‌లోనూ లోపాలుంటాయి. 2022 జనవరిలో బయటపడిన 'ప్వన్‌కిట్' లోపం 2009 నుంచీ ఉంది. దాంతో సాధారణ ఖాతా నుంచే పూర్తి అధికారం సంపాదించవచ్చు. 2024 మార్చిలో 'ఎక్స్‌జెడ్' అనే టూల్‌లో ఎవరో కావాలనే పెట్టిన దొంగదారి దొరికింది. లాగిన్ అర సెకను ఆలస్యమవుతోందని ఒక ఇంజినీర్ అనుమానించడంతో అది బయటపడింది.

ఏం చేయాలి?

అప్‌డేట్లు వాయిదా వేయవద్దు. నెట్ మొరాయించిన రోజుల్లో ఆగిపోయినా, తిరిగి రాగానే ముందు ఆ పనే చూడాలి. గడువు తీరిన వెర్షన్ వదిలేయాలి. ఉదాహరణకు, ఉబుంటు 20.04కు సాధారణ మద్దతు 2025 మేలో ముగిసింది. నెట్‌లో దొరికిన కమాండ్లను అర్థం తెలియకుండా టెర్మినల్‌లో పేస్ట్ చేయకూడదు. ఫైర్‌వాల్ ఆన్ చేసుకోవాలి. ఇన్‌స్టాల్ చేసేటప్పుడే డిస్క్ ఎన్‌క్రిప్షన్ ఎంచుకుంటే, ల్యాప్‌టాప్ పోయినా డేటా భద్రంగా ఉంటుంది. ముఖ్యమైన ఫైళ్ల కాపీ వేరే డ్రైవ్‌లో ఉంచుకోవాలి.

లైనక్స్ గట్టి తలుపే. కానీ, వచ్చిందెవరో చూడకుండా లోపలి నుంచి గడియ తీస్తే ఎంత గట్టి తలుపైనా ఆపలేదు.