నెంబరు చూడకుండా ఎక్కిన బండి

పోయిన నెల ఎలక్ట్రానిక్ సిటీ ఫేజ్ వన్‌లో రాత్రి షిఫ్టు దిగేసరికి జోరున వాన. గేటు ముందు తెల్ల ఇన్నోవా కనిపించింది, ఎక్కేశాను. ఫ్లైఓవర్ మీదికొచ్చాక డ్రైవరు ఓటీపీ అడిగితే తేలింది, అది పక్క కంపెనీ క్యాబ్ అని. కోలారు మనిషి, తెలుగులోనే విసుక్కున్నాడు: "నెంబరు చూసుకోవల్లా గదా సార్!"

నాకు చప్పున వసంతసేన గుర్తొచ్చింది. శూద్రకుడి సంస్కృత నాటకం మృచ్ఛకటికంలో ఆమెదీ ఇదే పొరపాటు. ప్రియుడు చారుదత్తుడి బండి అనుకుని, తన వెంటపడే దుర్మార్గుడు శకారుడి బండి వాకిట్లో ఆగి ఉంటే ఎక్కుతుంది. ఆమె కోసం వచ్చిన బండిలోకేమో చెర తప్పించుకున్న ఆర్యకుడు దూరతాడు. పది అంకాల నాటకం అక్కడే అడ్డం తిరుగుతుంది.

ఈ నాటకాన్ని 1931లో మోహన్ భావ్నాని మూకీగా తీశాడు. ఆలంఆరాతో మన సినిమాకు మాటలొచ్చిన ఏడాదే అది! వసంతసేన వేషం ఏణాక్షీ రామారావుది. అంతకుముందు 1928లో, నిరంజన్ పాల్ నాటకం నుంచి తీసిన షిరాజ్ మూకీలో ఆమే ముంతాజ్. భావ్నాని మూకీలో కమలాదేవి చటోపాధ్యాయ కూడా నటించింది. ముందటేడే ఉప్పు సత్యాగ్రహంలో జైలుకెళ్లొచ్చిన మనిషి, మన హైదరాబాద్ సరోజినీ నాయుడికి మరదలు.

బండ్లు మారే ఘట్టానికి మాటలతో పనిలేదు. ఒక వాకిలి, రెండు ఎడ్లబండ్లు, ఒక తెర చాలు. చూసేవాళ్లకు తెలుసు, ఆమెకు తెలియదు. చిక్కంతా శకారుడితోనే. 'స' పలకలేక 'శ' అంటాడు కాబట్టే వాడికా పేరు. వాడి నోట్లో వసంతసేన 'వశంతశేన' అవుతుంది. పురాణాలు కలగాపులగం చేసి రావణుడి పక్కకు కుంతిని తెస్తాడు. నోరు కట్టేస్తే వాడిలో మిగిలేది ఉత్త దుర్మార్గమే. మూకీకి ఈ నాటకంలో పెద్ద నష్టం అదేనని నా లెక్క.

ఇంకో విడ్డూరం, ఆ మూకీలో టీపీ కైలాసం ఉన్నాడు. కన్నడంలో ఇంగ్లీషు కలిపి, మాటల గారడీతో జనాన్ని పొట్టచెక్కలు చేసిన ప్రహసనకారుడు. ఆయన్ను తెచ్చి మూగవాణ్ని చేశారు!

తర్వాత ఈ కథ మాట్లాడింది: 1967లో బీఎస్ రంగా తీసిన మన అక్కినేని వసంతసేన, 1984లో గిరీశ్ కర్నాడ్ ఉత్సవ్. తిరుపతి వేంకట కవుల తెలుగు సేత ఉండనే ఉంది. తీరిక లేనివాళ్లు ఆరో అంకం నుంచి మొదలుపెట్టండి, బండ్లు మారేది అక్కడే.