ఉద్యోగి హక్కును, కచేరి ఖర్చును

ప్రభుత్వోద్యోగులు సంఘముగా నేర్పడి తమ జీతములను గూర్చియు సెలవులను గూర్చియు మాటలాడినచో ప్రజలు వినుటకు సిద్ధముగనే యుందురు. కాని ఆ సంఘమే తమ శాఖకు మంజూరైన సొమ్ము చాలదనియు, దానిని తగ్గింపరాదనియు శాసనసభ వాకిట నిలిచినచో, 'ఇది వీరికేల?' యని పలువురు ముఖము చిట్లింతురు. అమెరికా సంయుక్తరాష్ట్రములలోని సమాఖ్య ప్రభుత్వోద్యోగుల సంఘము ఈ యాక్షేపణనే యెదుర్కొనుచున్నది. ఉద్యోగి హక్కును, శాఖ ద్రవ్యమును రక్షించుట రెండు వేఱు పనులు కావనియు, మొదటిదాని నంగీకరించినవారు రెండవదానిని త్రోసిపుచ్చజాలరనియు మా యభిప్రాయము.

దీనికి కొంత పూర్వకథ కలదు. పందొమ్మిదవ శతాబ్దమున ఆ దేశమునందు ఎన్నికలలో గెలిచిన కక్షవారు కచేరీలలోని పాతవారిని సాగనంపి, తమ కక్షకు పాటుపడినవారికి ఆ కొలువులను పంచిపెట్టుచుండిరి. 1881వ సంవత్సరమున, కొలువు దొరకలేదను కసితో నొకడు గార్ఫీల్డు అధ్యక్షుని తుపాకితో కాల్చెను. కొన్ని వారములకు ఆయన మరణించెను. 1883లో పెండిల్టన్ చట్టము పుట్టి, పరీక్షలో నెగ్గినవారికే కొన్ని యుద్యోగములు దక్కవలెనను నియమమును నెలకొల్పెను. అయినను ఉద్యోగికి నోరు లేదు. 1902లో థియొడోర్ రూజ్వెల్టు అధ్యక్షుడు, జీతముల పెంపుదలకై ఉద్యోగులు కాంగ్రెసును, అనగా ఆ దేశపు శాసనసభను, ఆశ్రయింపరాదని యుత్తరువు చేసెను. పదేండ్లకు, 1912లో, లాయిడ్-లాఫోలెట్ చట్టము ఆ నోటికట్టును విప్పెను. శాసనసభకు మహజరు పెట్టుకొను హక్కును, తగిన కారణము చూపనిదే తొలగింపబడకుండు హక్కును ఒక్క చట్టమే యిచ్చెను. నిజము పలికినవాని కొలువు ఊడునెడల పలుకు హక్కు నిష్ఫలమే కదా!

'అమెరికన్ ఫెడరేషన్ ఆఫ్ గవర్నమెంట్ ఎంప్లాయీస్' అను సంఘము 1932లో, ఆర్థికమాంద్యము దేశమును పీడించుచుండగా, ఏర్పడినది. కార్మికుల మిత్రుడని పేరొందిన ఫ్రాంక్లిన్ రూజ్వెల్టు సైతము 1937లో, ప్రైవేటు కర్మాగారములలోని సమష్టి బేరపు పద్ధతిని ప్రభుత్వ కొలువులకు యథాతథముగా తేవీలులేదని వ్రాసెను. 1962 జనవరిలో కెనెడీ అధ్యక్షుడు సంఘములతో ఒప్పందములు చేసికొనుటకు శాఖల ననుమతించెను. 1978లో కాంగ్రెసు ఆ యనుమతికి చట్టరూప మొసగి, ప్రభుత్వోద్యోగుల సంఘములును సమష్టి బేరమును ప్రజాహితమునకు తోడ్పడునవియే యని స్పష్టముగా చెప్పెను.

అయితే ఆ చట్టము ఈయనిదేమో పాఠకులు గమనింపవలెను. ఆ యుద్యోగులలో నత్యధికులకు జీతము బేరముచే గాక చట్టముచే నిర్ణయమగును. సమ్మె నేరము. 1981 ఆగస్టులో విమానముల రాకపోకలను నియంత్రించు నుద్యోగులు, వారిది వేఱొక సంఘము, సమ్మె కట్టగా, రీగన్ అధ్యక్షుడు 11,000 మందికి పైగా బర్తరఫు చేసెను. ఆ సంఘపు గుర్తింపే రద్దయ్యెను. ఇక సంఘములో చేరుమని యెవ్వరిని నిర్బంధింపరాదు. చేరనివారి పక్షమున గూడ సంఘము నిలువవలసినదే. జీతమునకు బేరము లేదు, సమ్మె లేదు, నిర్బంధపు చందా లేదు. మిగిలిన సాధనములు మూడు: పనిచేయు పద్ధతులపై ఒప్పందము, న్యాయస్థానము, శాసనసభకు మహజరు. ఈ మూడవదానిని శాఖాద్రవ్యముపై వాడరాదనుట సంఘమును చేతులు కట్టి నిలువబెట్టుటయే.

ద్రవ్యము తగ్గినచో హాని యెవరికి? సాంఘిక భద్రతా శాఖను చూడుడు. 1935 నాటి చట్టముచే నేర్పడిన ఆ వ్యవస్థ వృద్ధులకును, అంగవైకల్యము గలవారికిని, పోషకుని కోల్పోయిన కుటుంబములకును నెలనెలా భృతి నిచ్చుచున్నది. అట్లు పొందువారు ఇంచుమించు 7 కోట్లు. భృతికి వలయు ధనము ప్రత్యేకనిధులలో నుండును. దానిని ఏటేట కొత్తగా మంజూరు చేయనక్కఱలేదు. కాని దరఖాస్తు పుచ్చుకొని, లెక్క సరిచూచి, తగవు తీర్చు గుమాస్తాల ఖర్చునకు మాత్రము కాంగ్రెసు ప్రతియేడును అనుమతి నీయవలెను. ఈ నిర్వహణవ్యయము మొత్తము వ్యయములో నూటికి ఒక పాలు గూడ లేదు. 2025 ఫిబ్రవరిలో ఆ శాఖ తన సిబ్బందిని 57,000 నుండి 50,000కు తగ్గింప నిశ్చయించినట్లు ప్రకటించెను. చెరువు నిండియున్నను తూము తెఱచు నీరుగంటి లేనిచో ఆయకట్టు చివర పొలము తడవదు. వృద్ధురాలి హక్కును చట్టములో కొట్టివేయ నక్కఱలేదు. ఆమె కాగితము చూచు మనిషిని తీసివేసిన చాలును.

అమెరికాలో పనిచేయు మన తెలుగు బిడ్డల జీతములనుండియు ఈ భద్రతకై పన్ను కోతపడుచున్నది. సాధారణముగా పదేండ్ల చెల్లింపు పూర్తియైనగాని వార్ధక్యభృతికి అర్హత రాదు. కావున ఆ కచేరీలో ఎవరు కూర్చుందురో, ఎందఱు కూర్చుందురో యనుట మన యిండ్లకు బొత్తిగా సంబంధము లేని విషయము కాదు.

ఇక కచేరీల మూతను గూర్చి చెప్పవలసియున్నది. ఆ దేశపు ఆర్థికసంవత్సరము అక్టోబరు 1వ తేదీతో మొదలగును. ఆనాటికి మంజూరు కానిచో, అత్యవసరములు తప్ప మిగిలిన పనులు నిలుపవలెనని 1980లో నాటి అటార్నీ జనరల్ చట్టమునకు అర్థము చెప్పెను. నాటినుండి కక్షల కలహములో ఉద్యోగి జీతము పందెపు సొమ్మైనది. 2018 డిసెంబరు 22 మొదలు 35 దినములు సాగిన మూతలో సుమారు 8 లక్షల మందికి జీతములు నిలిచినవి. వారిలో సగమునకు పైగా జీతము లేకయే పనిచేసిరి. 2025 అక్టోబరు 1 మొదలు సాగిన మూత 43 దినములకు గాని తీరలేదు. అంతకుమున్ను అంత దీర్ఘమైనది లేదు. ఆ సమయమున, అక్టోబరు 27వ తేదీన, సంఘాధ్యక్షుడగు ఎవరెట్ కెల్లీ, షరతులు లేని తాత్కాలిక మంజూరు నామోదించి కచేరీలను తెఱువుడని ఉభయకక్షలను కోరెను. తనకు చిరకాలముగా మిత్రమైన డెమొక్రాటు పక్షమునకు అది రుచింపదని యెఱిగియు నిట్లు పలుకుట సంఘమునకు గౌరవము తెచ్చినదని మేము తలంచుచున్నాము.

ఇంతకుముందే మఱియొక దెబ్బ తగిలెను. 2025 మార్చి 27న ట్రంపు అధ్యక్షుడు, దేశరక్షణ నిమిత్తమని చెప్పి, మాజీసైనికుల వైద్యము చూచు శాఖ మొదలుకొని అనేక శాఖలను సమష్టి బేరపు చట్టమునుండి తప్పించెను. 1978 చట్టములో అట్టి మినహాయింపునకు వీలున్నమాట నిజమే. కాని రోగికి కట్టుకట్టు దాదిని గూఢచారితో సమానముగా నెంచుట ఆ మినహాయింపు నుద్దేశ్యము కాజాలదు. సంఘము న్యాయస్థానముల కెక్కెను. క్రింది న్యాయస్థానములు కొన్ని ఆ యుత్తరువును నిలుపగా, పై న్యాయస్థానములు ఆ నిలుపుదలను సడలించెను. 2025 డిసెంబరులో ప్రతినిధుల సభ, అధ్యక్షుని పక్షమువారు కొందఱు కలిసిరాగా, 231 మంది యనుకూలముగను 195 మంది ప్రతికూలముగను, ఆ యుత్తరువును రద్దుచేయు బిల్లును ఆమోదించెను. సెనేటు కూడ సమ్మతించి అధ్యక్షుడు చేవ్రాలు చేసినగాని అది చట్టము కాదు.

ప్రతివాదమును విస్మరింపరాదు. శాఖ పెరిగినచో సంఘసభ్యులు పెరుగుదురు గనుక ద్రవ్యము కోరుటలో స్వార్థము కలదందురు. ఉన్నది, దానిని దాచనేల? పన్ను కట్టువానికి ప్రతి కొలువు నవసరమేనా యని యడుగు హక్కు కలదు. అట్లడిగినపుడు సంఘము ఎంత పని వచ్చినదో, ఎందఱు చేసిరో, ఎంత నిలిచినదో లెక్క చూపవలెను. సోమరిని వెనుకవేసికొనుట హక్కుల రక్షణ కాదు. కాని తగ్గింపు కోరువారికిని అదే ధర్మము: ఏ పని యక్కఱలేదో సభలో చెప్పి, ఆ పనిని చట్టమునుండి తొలగించి, పిమ్మట మనుష్యులను తగ్గింపవలెను. పనిని ఉంచి మనుష్యులను తీసివేయుట పొదుపు కాదు. ఇచ్చిన మాటను చాటున త్రిప్పుకొనుట.

కొలువుల కక్షాభిమానమే యర్హతయైన కాలము ఎట్లుండెనో ఆ దేశము 1881లో చూచినది. సకాలమున మంజూరు, చేసిన పనికి జీతము, కారణము చూపనిదే తొలగింపు లేమి, పలుకుటకు స్వేచ్ఛ: ఈ నాలుగును ఉద్యోగికి దయతో నిచ్చు వరములు కావు. ప్రజలు తమ కచేరీలు తమకే పనిచేయవలెనని చేసికొన్న యేర్పాట్లు. వానిని నిలుపుటకు సంఘము పెనగులాడుచుండగా, ఆ పోరు సంఘమునది మాత్రమే యని ప్రజలు చూచుచు కూర్చుండుట తగదు.