యూఎస్‌బీ ఈథర్నెట్ అడాప్టరు డ్రైవర్లు

యూఎస్‌బీ ఈథర్నెట్ అడాప్టరు అనగా ఈథర్నెట్ పోర్టు లేని కంప్యూటరును యూఎస్‌బీ పోర్టు ద్వారా నెట్‌వర్కుకు కలిపే పరికరం. ఇది పనిచేయుటకు లోపలి చిప్పుకు తగిన డ్రైవరు అవసరం.

చిప్పును గుర్తించుట

చవక అడాప్టర్ల పెట్టెపై తరచుగా అమ్మకందారు పేరు మాత్రమే ఉంటుంది. ఒకే రూపంలో ఉన్న అడాప్టర్లలో రియల్‌టెక్, ఏసిక్స్, కోర్‌చిప్ వంటి వేర్వేరు సంస్థల చిప్పులు ఉండవచ్చు. అందువలన పెట్టెపై పేరును బట్టి కాక, పరికరం కంప్యూటరుకు తెలిపే తయారీదారు సంఖ్య, ఉత్పత్తి సంఖ్యలను బట్టి డ్రైవరును వెదకాలి. ఇవి ఒక్కొక్కటి 16 బిట్ల సంఖ్యలు. విండోస్‌లో వీటిని డివైస్ మేనేజరులోని హార్డ్‌వేర్ ఐడీల వద్ద, లినక్స్‌లో ఎల్‌ఎస్‌యూఎస్‌బీ ఆదేశంతో చూడవచ్చు. ఉదాహరణకు రియల్‌టెక్ ఆర్‌టీఎల్8152 చిప్పు ఉత్పత్తి సంఖ్య 8152.

డ్రైవరు లభ్యత

లినక్స్ కెర్నల్‌లో ఇటువంటి అనేక చిప్పుల డ్రైవర్లు ముందే ఉన్నాయి. కోర్‌చిప్ ఎస్‌ఆర్9700 డ్రైవరు 2013లో చేరింది. ఈ చిప్పు యూఎస్‌బీ 1.1కు చెందినది. కనుక సరైన డ్రైవరు ఉన్నా దీని వేగం సెకనుకు 12 మెగాబిట్లను మించదు.

విండోస్‌కు తగిన డ్రైవరును విండోస్ అప్‌డేట్ నుండి గాని, చిప్పు తయారీదారు వెబ్‌సైటు నుండి గాని పొందాలి. నెట్‌వర్కు లేనిచో మరొక కంప్యూటరులో దింపుకొని పెన్‌డ్రైవు ద్వారా తెచ్చుకోవచ్చు. డ్రైవరు పేరుతో అపరిచిత సైట్లు ఇచ్చే ఫైళ్ళలో హానికర ప్రోగ్రాములు ఉండే ప్రమాదం ఉంది.