పెరటి పాదుకు ఎరువేది?

ఫాల్గుణం వచ్చిందంటే పల్లెల్లో వేప, కానుగ, రావి చెట్లు ఆకు రాలుస్తాయి. మిరప కోతలు సాగే గుంటూరు, ఖమ్మం ప్రాంతాల్లో తప్ప తక్కిన చోట్ల కూలి పనులు పలచబడేదీ ఆ రోజుల్లోనే. బీర, సొర, బెండ, గోరుచిక్కుడు, తోటకూర గింజలు వేసుకోవడానికి అదే అదను. ఉగాది నాటికి పాదు పాకితే ఎండాకాలంలో కూర కోసం ప్రతి సంతకూ పరుగెత్తనక్కరలేదు. మే నెలలో కూరగాయల ధరలు ఎట్లా వుంటాయో, కూలి డబ్బులు కొంగున ముడేసుకుని సంతకు పోయే అక్కచెల్లెళ్లకు మేము చెప్పేదేముంది?

గింజలకు ఇబ్బంది లేదు. పొరుగింటమ్మ ఇస్తుంది. బియ్యం, కూరలు కడిగిన నీళ్లు పాదుకు మళ్లిస్తే కొంత తడి అందుతుంది. చిక్కంతా ఎరువు దగ్గరే.

"పశువుల ఎరువు వేసుకోండి" అని పుస్తకాల్లో ఒక్క ముక్కలో తేల్చేస్తారు. పశువు ఎవరింట్లో వుంది? ఎడ్లున్న రోజుల్లో కూడా కొట్టం ఊడ్చింది పాలేరు, పేడకళ్లు తట్టకెత్తింది అతని ఇల్లాలు. మాగిన పెంట బండ్లకెక్కి ఆసామి చేలోకి పోయింది. ఎత్తిన చేతులకు దాని మీద హక్కు లేదు. ట్రాక్టర్లు వచ్చి ఎడ్లు పోయాక మిగిలిన కాస్త పెంటనూ లోడు లెక్కన కొనవలసి వస్తున్నది. కాబట్టి గొడ్డూ గోదా లేని ఇంటికి ఏం దొరుకుతుందో, అక్కడినుంచే లెక్క మొదలుపెడదాం.

మొదటిది, రాలిన ఆకు. వీధి ఊడ్చి దీన్ని తగలబెట్టడం అన్ని ఊళ్లలోనూ చూస్తున్నాం. ఆకులోని నత్రజని పొగలో పోతుంది, బూడిద మాత్రమే మిగులుతుంది. తగలబెట్టే బదులు పెరట్లో నీడపట్టున మూడడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు, రెండడుగుల లోతు గుంత తీసి, జానెడు మందాన ఆకూ వంటింటి చెత్తా పరచాలి. దాని మీద పేడనీళ్లు చిలకరించి పలచగా మన్ను చల్లి, మళ్లీ ఆకు పరచాలి. దీనికి బండెడు పేడ అక్కరలేదు, చిన్న తట్టెడు చాలు. గుప్పిట పట్టి పిండితే చేతికి తడి తగలాలి, నీరు మాత్రం కారకూడదు. పదిహేను, ఇరవై రోజులకోసారి తిరగేస్తే మూడు నాలుగు నెలల్లో నల్లగా, మట్టివాసన కొట్టే ఎరువు అవుతుంది. అంటే ఫాల్గుణంలో నింపిన గుంత తొలకరికి అందివస్తుంది.

మరి ఇప్పుడు వేసే పాదుకో? రెండు మేకలున్న ఇల్లయితే దిగులు లేదు. మాగిన పశువుల ఎరువులో నత్రజని నూటికి అరపాలు వుంటే, ఎండిన మేక పెంటికల్లో దాదాపు మూడు పాళ్లు వుంటుంది. నలగ్గొట్టి పాదుకు రెండు గుప్పిళ్లు మన్నులో కలిపితే చాలు. కోడి పెంట మహా వేడి. పచ్చిది వేస్తే మొలక మాడిపోతుంది. మన్నుతో కలిపి నెలా రెండు నెలలు మాగబెట్టాలి. పచ్చి పేడ తెచ్చి మొదట్లో పోసినా చెదలు పట్టడం ఖాయం.

పొయ్యి బూడిదలో పొటాషు, సున్నం వుంటాయి, నత్రజని వుండదు. కాయకాసే పాదుకు గుప్పెడు మంచిదే, ఆకుల మీద పేనుబంకకు చల్లడమూ మనవాళ్లకు అలవాటే. అయితే పేడ కుప్పలోనూ పశువుల మూత్రంలోనూ బూడిద కలపకండి. బూడిద తగిలితే నత్రజని ఘాటుగా ఆవిరై పోతుంది. చాలామంది చేస్తున్న పొరపాటు ఇది. గ్యాసు పొయ్యి వచ్చిన ఇళ్లలో ఆ బూడిదా లేదనుకోండి.

చేతిలో నాలుగు డబ్బులుంటే వేరుశనగ చెక్క. కిలో చెక్కలో 70 గ్రాముల దాకా నత్రజని వుంటుంది. పది లీటర్ల నీళ్లలో మూడు రోజులు నానబెట్టి, చెంబుకు పది చెంబుల నీళ్లు కలిపి మొదట్లో పోయాలి.

ఇక అందరూ అడిగే జీవామృతం. మహారాష్ట్రకు చెందిన సుభాష్ పాలేకర్ ప్రచారం చేసిన ఈ పద్ధతిని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2016 నుంచి తలకెత్తుకుంది. ఎకరానికి 200 లీటర్ల నీళ్లు, 10 కిలోల పేడ, 5 నుంచి 10 లీటర్ల మూత్రం, రెండు కిలోల బెల్లం, రెండు కిలోల శనగపిండి, గుప్పెడు గట్టు మన్ను. రెండు రోజులు పులియబెట్టాలి. ఇందులో పదోవంతు, అంటే 20 లీటర్లు కలిపితే పది సెంట్లకు వస్తుంది. పదిళ్ల ఆడవాళ్లు కలిసి ఒక డ్రమ్ములో కలుపుకోవచ్చు. మట్టిలో సూక్ష్మజీవులను మేల్కొలపడం దీని పని. కాని మేల్కొన్నవాటికి తిండి వుండాలి గదా! లెక్కగడితే ఆ 200 లీటర్లలో నత్రజని పావు కిలోకు అటూ ఇటూ. ఆకూ పెంటా లేని ఒట్టి నేలకు ఇది ఒక్కటే పోసి కాపు రాలేదని ఏడిస్తే లాభం లేదు.

ఈ లెక్క పెరడు దాటితే మరీ ముఖ్యం. 45 కిలోల యూరియా బస్తాలో దాదాపు 21 కిలోల నత్రజని వుంటుంది. అంత నత్రజని పశువుల ఎరువు నుంచి రావాలంటే నాలుగు టన్నులు పైమాటే. అంత పెంట కౌలురైతుకు ఎక్కడిది? మోసి చల్లే కూలి ఎవరిస్తారు? శ్రీలంక ప్రభుత్వం 2021 ఏప్రిల్‌లో రసాయనిక ఎరువుల దిగుమతిని ఉన్నపళంగా నిషేధించింది. రైతులు వీధికెక్కాక, అదే ఏడు నవంబరులో వెనక్కి తగ్గింది. 2025 వానాకాలంలో తెలుగు రాష్ట్రాల్లో యూరియా కోసం రైతులు తెల్లవారుజాము నుంచి వరసలు కట్టారు. అప్పుడు "ప్రకృతి సేద్యం చేసుకోండి" అనడం తేలిక. మేము ప్రకృతి సేద్యానికి వ్యతిరేకం కాము. సబ్సిడీ కోతకు దాన్ని ముసుగు చేయడానికి వ్యతిరేకం.

అసలు పెరడంటూ వుండాలి గదా. 2020 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన పంపిణీలో పల్లెల్లో పేదలకు ఇచ్చింది సెంటున్నర, పట్టాల ప్రకారం 72 గజాలు. ఇల్లు కట్టాక గుంత తీసేందుకు మిగిలేది ఎంత? అందుకే ఈ ఎరువు సంగతి ఒక్కో ఇంటి సంగతిగా తెగదు. ఆంధ్రలో చెత్త నుంచి సంపద కేంద్రాల పేరిట, తెలంగాణలో 2019 తర్వాత పల్లె ప్రగతి కింద, పంచాయతీల్లో కంపోస్టు షెడ్లు కట్టారు. మీ ఊళ్లో ఆ షెడ్డు తలుపు తీసి వుందో, తాళం పడి వుందో ముందు వెళ్లి చూడండి. తాళం వుంటే గ్రామసభలో మూడు సంగతులు అడగాలి. రాలిన ఆకు తగలబెట్టకుండా షెడ్డుకు చేర్చాలి. అక్కడ పనిచేసే పారిశుధ్య కార్మికులకు జీతాలు నెలనెలా అందాలి. తయారైన ఎరువులో మొదటి వాటా సెంటున్నర ఇళ్లవాళ్లకు, గొడ్డు లేనివాళ్లకు ఉచితంగా ఇవ్వాలి. ఊరి ఉమ్మడి స్థలంలో నాలుగు మళ్లు కూలి కుటుంబాల ఆడవాళ్లకు కూరపాదులకు కేటాయించమని కూడా అదే సభలో తీర్మానం పెట్టించండి.