బోరు ఒకరిది.. నీరు అందరిదీ

కరవు ప్రాంతాల్లో రైతును అప్పుల పాలు చేస్తున్న ఖర్చులలో బోరుబావి ముందు వరుసలో నిలుస్తుంది. ఒక బోరు ఎండితే మరొకటి, అదీ ఎండితే ఇంకా లోతున మూడవది వేయించి, చివరకు పొలం తాకట్టు పెట్టుకున్న కుటుంబాలు రాయలసీమలోనూ, పూర్వపు మహబూబ్‌నగర్, నల్గొండ జిల్లాల్లోనూ తక్కువేమీ కాదు. విచిత్రమేమంటే, కొత్త బోరులో పడిన నీరు చాలా సందర్భాల్లో కొత్త నీరు కాదు. పక్క రైతు బోరు లాగుతున్న నీరే.

ఈ జిల్లాల్లో అధిక భాగం నేల అడుగున ఉన్నది గట్టి రాయి. పైనున్న శిథిల రాతి పొరలోనూ, దాని కింది పగుళ్లలోనూ మాత్రమే నీరు నిలుస్తుంది. ఆ పగుళ్లకు గట్లు, సర్వే నంబర్లు తెలియవు.

చిన్న లెక్క చూద్దాం. అనంతపురం ప్రాంతంలో ఏటా సగటున కురిసేది సుమారు 550 మిల్లీమీటర్ల వాన. ఎకరాపై ఒక మిల్లీమీటరు వాన పడితే 4,047 లీటర్లు. ఆ లెక్కన ఏడాదికి ఎకరాకు 22 లక్షల లీటర్లు. గట్టి రాతి నేలల్లో ఇందులో పదవ వంతు భూమిలోకి ఇంకితే గొప్ప, అంటే దాదాపు 2.2 లక్షల లీటర్లు. బోరు కింద ఎకరా వరికి 1,200 మిల్లీమీటర్ల నీరు పెట్టారనుకుంటే 48 లక్షల లీటర్లు కావాలి. మడి నుంచి కొంత నీరు తిరిగి ఇంకుతుందనుకున్నా, ఇరవై ఎకరాల వాన ఇంకుడు ఒక ఎకరా వరికి చాలీ చాలని పరిస్థితి.

అడ్డుకట్ట వేయడానికి చట్టం లేకపోలేదు. 2002లో వచ్చిన నీరు, భూమి, చెట్ల పరిరక్షణ చట్టం (వాల్టా) ప్రకారం బోరు వేయడానికి ముందు అనుమతి తీసుకోవాలి. ప్రజల తాగునీటి వనరుకు 250 మీటర్ల లోపు బోరు వేయరాదు. అయితే రాత్రి వచ్చిన రిగ్గు తెల్లవారేసరికి వెళ్లిపోయే చోట అనుమతి పత్రం అడిగేదెవరు? పైగా 2004 నుంచి వ్యవసాయానికి ఉచిత విద్యుత్తు అమలులోకి రావడంతో, మోటారు ఆపవలసిన అవసరమూ రైతుకు కనిపించలేదు.

కొలత రైతు చేతికి

సరిగ్గా ఆ కాలంలోనే మరో ప్రయత్నం మొదలైంది. నెదర్లాండ్స్ ఆర్థిక సాయం, ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ సహకారంతో 2003లో ఆరంభమైన ఏపీఎఫ్‌ఏఎంజీఎస్ ప్రాజెక్టు అది. నంద్యాల కేంద్రంగా పనిచేసే 'బర్డ్స్' సంస్థ ప్రధాన బాధ్యత వహించగా, ఉమ్మడి రాష్ట్రంలోని అనంతపురం, చిత్తూరు, కడప, కర్నూలు, ప్రకాశం, మహబూబ్‌నగర్, నల్గొండ జిల్లాల్లో ఆరు వందలకు పైగా గ్రామాల్లో అమలైంది.

ఇందులో నిషేధాలు లేవు, రాయితీలూ లేవు. చేసిందల్లా కొలవడం నేర్పడమే. ఊరిలో వర్షమాపకం ఉంచారు. ఎంపిక చేసిన బోర్లలోకి టేపు దించి నీటి మట్టం చూడటం, డ్రమ్ము నిండటానికి ఎన్ని సెకన్లు పట్టిందో చూసి బోరు ఎంత పోస్తున్నదో లెక్కకట్టడం రైతులే, మహిళలతో సహా, నేర్చుకున్నారు. ఆ అంకెలను ఊరి గోడ మీద అందరికీ కనబడేలా రాశారు. రబీకి ముందు, అక్టోబరు ప్రాంతంలో, ఒకే వాగు పరీవాహకంలోని గ్రామాల రైతులు సమావేశమై పంట-నీటి బడ్జెట్ వేసేవారు. వాన ఎంత, ఇంకినది ఎంత, వేయదలచిన పంటలకు కావలసినది ఎంత? లోటు తేలితే ఎవరినీ శాసించేవారు కారు. అంకెలు చూసుకొని వరి తగ్గించి ఆరుతడి పంటలకు మళ్లినవారు మళ్లారు. తన బోరు ఎండడం తలరాత కాదనీ, ఊరి లెక్కలో భాగమనీ రైతుకు తెలియడమే ఇక్కడి అసలు విశేషం.

2010 ప్రాంతంలో ప్రాజెక్టు ముగిసింది. అనంతరం జరిగిన పరిశీలనల్లో చాలా చోట్ల కొలతలు ఆగిపోయినట్లు తేలింది. కొలిచే వ్యక్తికి ప్రోత్సాహం, పాడైన పరికరానికి బదులు మరొకటి, సమావేశం పిలిచే బాధ్యత ఎవరివో ముందుగా తేల్చకపోతే ఇలాగే జరుగుతుంది. పంచాయతీ దస్త్రంలోకి ఎక్కని పని దాతతోనే వచ్చి దాతతోనే వెళ్లిపోతుంది.

పైపులైనుతో ఒప్పందం

వాసన్ సంస్థ తోడ్పాటుతో అనంతపురం, మహబూబ్‌నగర్ జిల్లాల్లోని కొన్ని గ్రామాల్లో సాగిన ప్రయత్నం మరో దారి పట్టింది. అక్కడ బోర్లను పైపులైనుతో కలిపారు. బోరు ఉన్న రైతు, లేని పొరుగు రైతు వేరుశనగకు వాన ముఖం చాటేసినప్పుడు ఒకటి రెండు తడులు ఇస్తాడు. ప్రతిగా ఆ పరిధిలో పదేళ్లపాటు ఎవరూ కొత్త బోరు వేయరాదని ఒప్పందం. ఇది దాతృత్వం కాదు. పొరుగువాడు బోరు వేస్తే తన బోరు ఎండుతుందని ఎరిగిన రైతు, నీటిలో కొంత వాటా ఇచ్చి మిగతా నీటిని కాపాడుకుంటున్నాడు. పొరుగువాడికి బోరు ఖర్చు, దానితో వచ్చే అప్పు తప్పుతాయి. ఇరువురికీ లాభం ఉంది గనుక ఒకరిపై మరొకరి కాపలా ఉంటుంది. అధికారి రానవసరం లేదు. చిక్కల్లా పైపుల పెట్టుబడి దగ్గరే. అది చిన్న రైతుల శక్తికి మించినది.

గ్రామస్థాయి నీటి బడ్జెట్‌ను కేంద్ర ప్రభుత్వం 2019 డిసెంబరులో ప్రారంభించిన అటల్ భూజల్ పథకంలో చేర్చారు. దానికి ఎంపికైన ఏడు రాష్ట్రాల్లో కర్ణాటక, మహారాష్ట్ర ఉండగా, రైతులే బడ్జెట్ వేసిన ఆంధ్రప్రదేశ్, తెలంగాణలకు చోటు దక్కలేదు. అయినా పథకం కోసం ఎదురుచూడనక్కరలేని పని ఒకటి ఉంది. ఒక వర్షమాపకం, ఒక టేపు, ఊరిలో నాలుగు పరిశీలన బోర్లు, రాయడానికి ఒక గోడ ఉంటే, వచ్చే రబీ విత్తనానికి ముందే గ్రామసభలో ఈ లెక్క వేయవచ్చు.