ఉక్కు సంగతి సరే, ఈ పిల్లల సంగతి?

బయ్యారం అనగానే ఇనుప రాయి, ఉక్కు ఫ్యాక్టరీ గుర్తుకొస్తాయి. 2014 ఆంధ్రప్రదేశ్ పునర్విభజన చట్టంలో ఖమ్మం జిల్లాలో ఉక్కు కర్మాగారం సాధ్యమో కాదో ఆరు నెలల్లో చూడాలని రాశారు. బయ్యారం అప్పుడు ఆ జిల్లాలోదే. ఆ ఫ్యాక్టరీ కోసం ఎదురుచూపు మీద పత్రికల్లో ఎన్నో కథనాలు వచ్చాయి. మెడ నిలవని బిడ్డ, మాట రాని బిడ్డ, ఈడొచ్చినా గుండీలు పెట్టుకోలేని బిడ్డ ఉన్న ఇళ్లు కూడా ఏళ్లుగా ఎదురుచూస్తూనే ఉన్నాయి. ఆ ఇళ్లలోని తల్లుల మీద రాసినవాళ్లు తక్కువ.

ఈ పిల్లలకు మండలంలో ఉన్న దిక్కు భవిత కేంద్రం. సర్కారు బడి ఆవరణలో ఒకటి రెండు గదులు, మండలానికి ఒకరో ఇద్దరో ప్రత్యేక శిక్షణ పొందిన టీచర్లు, వారానికి ఒకసారి వచ్చే ఫిజియోథెరపిస్టు. అక్కడ పాఠం అక్షరాలతో మొదలవదు. పళ్లు తోముకోవడం నేర్పడానికే నెలలు పడతాయి. బ్రష్ పట్టుకోవడం ఒక మెట్టు, పేస్టు వేసుకోవడం ఇంకొకటి, పుక్కిలించి ఉమ్మడం మరొకటి. ఏ మెట్టు దగ్గర ఆగిందో రాసిపెట్టుకుని మర్నాడు అక్కడి నుంచే మొదలుపెట్టాలి. బిడ్డ కొన్ని రోజులు రాకపోతే నేర్చుకున్నది కొంత మరిచిపోవచ్చు. చూసేవాళ్లకు ఆడిస్తున్నట్టు ఉంటుంది గానీ, బోధనలో ఇంతకంటే కష్టమైన పని లేదని నేను గట్టిగా నమ్ముతాను.

తండా బిడ్డకు ఇంట్లో వినపడేది లంబాడీ మాట, గూడెం బిడ్డకు కోయ మాట. కేంద్రంలో బొమ్మల కార్డులు తెలుగువి. మామూలు పిల్లలు మెల్లగా రెండు భాషలూ పట్టేస్తారు. బుద్ధి ఎదుగుదల నెమ్మదైన బిడ్డకు నీళ్లను ఇంట్లో విన్న పేరుతో చెబితే తేలిగ్గా అందుతుంది. అందుకే మంచి టీచరు ముందు తల్లి దగ్గర ఆ మాటలు నేర్చుకుంటుంది. ఇది ఏ శిక్షణ పుస్తకంలోనూ ఉండదు, ఏళ్ల తరబడి అదే మండలంలో పనిచేస్తేనే వస్తుంది.

అలా ఏళ్ల తరబడి పనిచేసేవాళ్లను ప్రభుత్వం కాంట్రాక్టు మీదే ఉంచింది. సర్వశిక్షా అభియాన్ కాలంలో చేరి, సమగ్ర శిక్షలోనూ అదే పద్ధతిలో కొనసాగుతున్నవాళ్లు రాష్ట్రమంతటా ఉన్నారు. క్రమబద్ధీకరణ కోసం 2024 డిసెంబరులో సమ్మె చేశారు. ప్రాథమిక తరగతుల్లో పది మంది దివ్యాంగ పిల్లలకు, ఆపై తరగతుల్లో పదిహేను మందికి ఒక ప్రత్యేక టీచరు ఉండాలని 2021లో సుప్రీంకోర్టు చెప్పింది. 2024 డీఎస్సీలో 11,062 పోస్టుల్లో ప్రత్యేక విద్యకు 220 స్కూల్ అసిస్టెంట్, 796 ఎస్జీటీ పోస్టులు వచ్చాయి. మంచి మొదలే. భవిత గదుల్లో వయసు మళ్లుతున్న టీచర్ల గోడు మాత్రం దానితో తీరలేదు.

ఇక తల్లి సంగతి. పత్తి తీత, మిర్చి ఏరుడు మొదలైతే బిడ్డను కేంద్రానికి తెచ్చి కూర్చుంటే ఆ రోజు కూలి పోయినట్టే. వైకల్య సర్టిఫికెట్ ఇచ్చే శిబిరానికి మహబూబాబాద్ పోవాలి, నడవలేని బిడ్డను ఎత్తుకుని బస్సులు మారాలి. నలభై శాతం వైకల్యం తేలితేనే 4,016 రూపాయల పింఛను. 2016 చట్టం వైకల్యాలను 7 నుంచి 21కి పెంచింది. ఆటిజం లాంటివి తేల్చాలంటే నిపుణులు కావాలి, శిబిరంలో వాళ్లు లేకపోతే మళ్లీ తిరగాలి. పోనీ నాయకుడికి చెప్పుకుందామంటే బయ్యారం ఇప్పుడున్న జిల్లా మహబూబాబాద్, అసెంబ్లీ నియోజకవర్గమేమో వేరే జిల్లాలోని ఇల్లందు.

పద్దెనిమిదేళ్లు నిండితే భవిత తలుపూ మూసుకుంటుంది. అప్పటిదాకా నేర్చుకున్నది ఇంట్లో మంచం మీద మరుగునపడుతుంది. మేజరైన బిడ్డకు చట్టబద్ధ సంరక్షకుడిగా ఎవరుండాలో తేల్చడానికి 1999 నేషనల్ ట్రస్ట్ చట్టం కింద కలెక్టరు అధ్యక్షతన కమిటీ ఉంటుంది. అదే చట్టం కింద నిరామయ ఆరోగ్య బీమా లక్ష రూపాయల దాకా వర్తిస్తుంది. తండా గడపకు వెళ్లి ఈ రెండు మాటలు చెప్పే బాధ్యత ఒక ఉద్యోగికి అప్పగించాలి.

వైకల్య సర్టిఫికెట్ల శిబిరం ఏడాదికి ఒకటి రెండుసార్లయినా బయ్యారంలోనే పెట్టాలి. భవిత టీచర్లను పర్మినెంటు చేయాలి. మీ వాడలో ఇలాంటి బిడ్డ ఉంటే భవిత కేంద్రంలో పేరు రాయించండి. వయసు దాటినవాళ్ల పేర్లు కూడా రాసి సోమవారం ప్రజావాణిలో కలెక్టరు చేతికివ్వండి.